వినపడట్లేదు, కాస్త గట్టిగా: స్పోర్ట్స్ బార్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్పోర్ట్స్ బార్ గారి సముఖానికి,

మీ పాత కస్టమర్ నమస్కరించి రాయునది ఏమనగా: ఇక్కడ నేను క్షేమం. ఎడమ చెవి కాస్త గుయ్యిమంటోంది, అంతే. అక్కడ మీరూ, మీ ఇరవై మూడు టీవీలూ క్షేమమని తలుస్తాను.

ఇదంతా నోటితోనే చెబుదామనుకున్నాను. ప్రయత్నించాను కూడా. కౌంటర్ దగ్గరికి వచ్చి "చిన్న కంప్లైంట్ ఉంది" అన్నాను. ఆ అబ్బాయి నవ్వుతూ తలూపి ఒక పిచర్ బీరు తెచ్చి పెట్టాడు. ఇంకాస్త గట్టిగా చెప్పాను. ఒక ప్లేటు ఫ్రైస్ వచ్చింది. మూడోసారి గొంతు చించుకుని అరిచాను. సరిగ్గా అప్పుడే ఎక్కడో గోల్ పడింది. పక్క టేబుల్ ఆయన లేచొచ్చి నన్ను కావలించుకున్నాడు. ఆయన జెర్సీకున్న సాస్ నా చొక్కాకి అంటింది. అందుకే ఈ రాతకోతలు.

టీవీలతో మొదలుపెడతాను, మీరూ వాటితోనే మొదలవుతారు కాబట్టి. నేను కూర్చునే చోటు నుంచి మెడ తిప్పకుండా ఏడు కనిపిస్తాయి. కాస్త తిప్పితే పదకొండు. మిగతావి లెక్కపెట్టాలంటే లేవాలి. ఒకటి మగవాళ్ళ టాయిలెట్‌లో ఉంది, గోడ వైపు తిరిగి నిలబడ్డ మనిషికి సరిగ్గా కళ్ళ ఎత్తులో. లోకంలో నాకంటూ మిగిలిన ఆ నలభై సెకన్ల ఏకాంతం కూడా వృథా పోకూడదని మీకు తోచినందుకు ఏమనాలో తెలియడం లేదు.

మీ గోడల వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చిన రోజులున్నాయి. కుదరదు. కదిలేదాని వైపు కన్ను దానంతటదే పోతుంది. పొద కదిలితే అటు చూసినవాడే పులి నుంచి తప్పించుకున్నాడు, నాలుగు రోజులు బతికాడు, పిల్లల్ని కన్నాడు. మనం వాళ్ళ వంశమే. అంత చరిత్ర ఉన్న చూపుతో నేను మొన్న ఒక కార్ల ఇన్సూరెన్స్ ప్రకటనని, శబ్దం లేకుండా, పదకొండుసార్లు చూశాను.

మూలన ఫ్రిజ్ పైన ఉండే చిన్న టీవీ మీద మాత్రం నాకు ప్రత్యేకాభిమానం. అందరూ ఫైనల్ చూస్తుంటే అందులో కర్లింగ్ వస్తుంది. దాదాపు 20 కిలోల గ్రానైట్ రాయిని మంచు మీద జారవిడుస్తారు. దాని ముందు ఇద్దరు చీపుళ్ళు పట్టుకుని ప్రాణం మీదికొచ్చినట్టు ఊడుస్తారు. అలా తోమితే రాపిడి తగ్గి, రాయి ఇంకొంచెం దూరం, ఇంకొంచెం తిన్నగా పోతుంది. ఈ ఆట నిబంధనలు నాకు ఈ రోజుకీ తెలియవు. అయినా ఒక రాయి కోసం నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మీతో వచ్చిన చిక్కే ఇది. తెలియని దేశం, తెలియని జట్టు, తెలియని ఆట. అరగంట కూర్చుంటే చాలు, రిఫరీ మీద పాతపగ పుట్టుకొస్తుంది.

ఇక కాలం సంగతి. మీ ఎడమ గోడ టీవీలకి శాటిలైట్ కనెక్షన్, కుడి గోడవాటికి ఇంటర్నెట్ స్ట్రీమింగ్. ఇంటర్నెట్‌లో వచ్చేది ముక్కలు ముక్కలుగా వచ్చి, కాస్త పోగయ్యాక మొదలవుతుంది కాబట్టి వెనకబడుతుంది. మీ దగ్గర ఆ వెనకబాటు అరనిమిషం. ఒకే గదిలో రెండు కాలాలన్నమాట. ఎడమవైపు వాళ్ళు కేకలు పెట్టి, కుర్చీలు తన్నేసి, బీరు ఒలకబోసుకుని మళ్ళీ కూర్చునేసరికి, మా వైపు స్ట్రైకర్ ఇంకా బంతిని పెనాల్టీ స్పాట్ మీద సర్దుకుంటుంటాడు. వాడు గోల్ కొడతాడని మాకు తెలుసు. వాడికే తెలియదు. టెన్షన్ పడాలా, అక్కర్లేదా? మర్యాదకి పడ్డాం.

దీనికి తోడు రీప్లేలు. 1963 డిసెంబర్ 7న, అమెరికా సైన్యం జట్టూ నౌకాదళం జట్టూ ఆడిన అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో టీవీ వాళ్ళు మొదటిసారి అప్పటికప్పుడు రీప్లే చూపించారు. జనం గాభరా పడతారని కామెంటేటర్ విడమర్చి చెప్పాల్సొచ్చింది, బాబూ, ఇది ఇప్పుడు జరుగుతున్నది కాదు, వాళ్ళు మళ్ళీ స్కోరు చేయలేదు అని. ఆ పాటి మర్యాద మీ దగ్గర లేదు. సౌండ్ తీసేశారు కాబట్టి చెప్పే నాథుడే లేడు. ముందు ఎడమ గోడ, తర్వాత కుడి గోడ, ఆ పైన రీప్లే, ఆ పైన ఇంకో వైపు నుంచి అదే రీప్లే. మావాడూ నేనూ నాలుగుసార్లు చేతులు చరుచుకున్నాక స్కోరు చూస్తే ఒకటి.

మావాడంటే నా స్నేహితుడు. ఆరేళ్ళుగా ఆదివారం సాయంత్రాలు మీ దగ్గరే కలుస్తున్నాం. వాడి సంగతి మళ్ళీ చెబుతాను.

సౌండ్ తీసేశారంటే నిశ్శబ్దంగా ఉంటుందని కాదు, రామరామ. తెర మీద మ్యాచ్ ఒకటి, దాని కింద నాలుగైదు సెకన్లు ఆలస్యంగా పాకే సబ్‌టైటిల్స్ ఒకటి, ఈ రెండింటికీ ఏ సంబంధం లేకుండా స్పీకర్లలోంచి డ్రమ్ముల మోత ఒకటి. కాలు విరిగిన ఆటగాణ్ణి స్ట్రెచర్ మీద మోసుకెళ్తుంటే వెనక పెళ్ళి డాన్సు పాట. 1911లో ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి డాక్టరు ఒక సంగతి రాసిపెట్టాడు: చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. మన గొంతు పక్క టేబుల్‌కి చప్పుడు. వాళ్ళు పెంచుతారు. అది మనకి చప్పుడు. ఇదంతా చూసి మీ మేనేజర్, జనం మాంచి హుషారు మీద ఉన్నారనుకుని స్పీకర్ ఇంకో గీత పెంచుతాడు.

ఒకరోజు ఫోన్‌లో కొలిచాను. 97 డెసిబెల్స్. పనిచేసే చోట మనుషుల ఆరోగ్యం గురించి చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది. దాని లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. అక్కణ్ణుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. వేళ్ళ మీద లెక్కేశాను, నా వంతు అరగంట. మేం ఆర్డర్ చేసిన నాచోస్ రావడానికి పట్టింది నలభై నిమిషాలు. (ఫోన్ కొలతని నమ్మలేమని మావాడు అన్నాడు. అన్నాడనే అనుకుంటున్నాను. పెదాలు అలా కదిలాయి.)

నాచోస్ అన్నాను కాబట్టి ఆ కొండ సంగతి కూడా తేల్చేద్దాం. 1940ల్లో మెక్సికో సరిహద్దు పట్టణం పియెద్రాస్ నెగ్రాస్‌లో ఇగ్నాసియో అనయ అనే ఆయన, అనుకోకుండా వచ్చిన అతిథుల కోసం చేతికందినవాటితో దీన్ని చేశాడు. ఇగ్నాసియోని ముద్దుగా నాచో అంటారు, ఆ పేరే వంటకానికి నిలిచింది. ఆయన ఒక్కో మొక్కజొన్న చిప్ మీద విడివిడిగా చీజ్ వేశాడు, ఒక్కోదాని మీద ఒక మిరప ముక్క పెట్టాడు. ఏ చిప్‌కీ అన్యాయం జరగలేదు. తర్వాత 1976లో టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ స్టేడియంలో జారుడు చీజ్ సాస్‌తో నాచోస్ అమ్మడం మొదలుపెట్టారు. ఆటకీ చీజ్‌కీ అక్కడే ముడి పడింది.

మీరు వడ్డించే కొండలో పై వరసకే ఆస్తంతా. చీజ్, బీన్స్, మాంసం, సోర్ క్రీమ్, అన్నీ శిఖరం మీదే. మధ్యవి ఆవిరికి నాని తడిగుడ్డలైపోతాయి, పట్టుకుంటే వేలాడతాయి. అడుగువి కటిక బీదవి. ప్లేటు టేబుల్ మీద పెట్టిన మొదటి మూడు నిమిషాలు ఆరేళ్ళ స్నేహం కూడా పక్కకి జరుగుతుంది. మావాడు చీజ్ తీగ సాగుతుంటే చెయ్యి పైకి, ఇంకా పైకి లేపుతూ వెళ్ళి, చివరికి లేచి నిలబడతాడు. ఆ తీగ వెంట మరో నాలుగు చిప్స్ వలసపోతాయి. చివర్లో ఇద్దరం పొడి చిప్స్ ముందు కూర్చుని "నువ్వు తిను", "నువ్వే తిను" అని మహా మర్యాదలు పోతాం.

వింగ్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా కలం మెత్తబడుతుంది. ఒకప్పుడు కోడి రెక్కంటే సూప్ గిన్నెలోకి పోయే సరుకు. 1964లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో, యాంకర్ బార్ వాళ్ళావిడ టెరెస్సా బెలిస్సిమో వాటిని నూనెలో వేయించి, కారం సాస్‌లో వెన్న కలిపి దొర్లించి, పక్కన సెలరీ కాడలూ బ్లూ చీజ్ డ్రెస్సింగూ పెట్టి ఇచ్చిందని చెబుతారు. ఆ రోజు ఎందుకు చేసిందన్నదానికి వాళ్ళింట్లోనే రెండు కథలున్నాయి. అదే ఊళ్ళో జాన్ యంగ్ అనే ఆయన, రెక్కలమ్మింది ముందు తనేనన్నాడు. తగువు ఎటు తేలినా ఇద్దరికీ నేను రుణపడి ఉన్నాను. "బఫెలో వింగ్స్"లో బఫెలో అనేది ఊరి పేరని తెలిసేదాకా మావాడు "గేదెకి రెక్కలేమిట్రా" అని మెనూ పట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు ఆ సూప్ సరుకు ఎక్కడికెళ్ళిందంటే, 2025లో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ సందడిలో 147 కోట్ల రెక్కలు తింటారని అక్కడి కోళ్ళ పరిశ్రమ సంఘం అంచనా వేసింది. సెలరీ కాడలకి మాత్రం ఇంకా రోజులు రాలేదు. మీ దగ్గర వాటిని ఎవరైనా తినగా నేను చూడలేదు. అవే మళ్ళీ మళ్ళీ వస్తున్నాయా అని అడగాలనుంది, జవాబంటే భయమేసి ఊరుకున్నాను.

మీ బుట్టలో రెండు రకాల ముక్కలు వస్తాయి. బుల్లి కాలులా ఉండేది ఒకటి, చదునుగా ఉండి లోపల రెండు ఎముకలున్నది ఒకటి. మావాడికి చదునుదే కావాలి. దాన్ని రెండు చివర్లా పట్టుకుంటాడు. ఒక చివర వేళ్ళతో కాస్త నొక్కి, సన్నటి ఎముకని మెల్లగా మెలిపెడతాడు. ఒరలోంచి కత్తి వచ్చినట్టు అది శుభ్రంగా జారి వస్తుంది. తర్వాత లావుది. ఇప్పుడు చేతిలో మాంసం ఒక్కటే. దాన్ని ఒక్క దెబ్బలో నోట్లో వేసుకుని, ఎముకలు రెండింటినీ ప్లేటు అంచున పక్కపక్కనే పెడతాడు. పన్నెండు ముక్కలు తినేసరికి ఆ అంచున చిన్న దడి కట్టినట్టుంటుంది. ఎన్ని గోల్స్ పడినా, ఎవరు వచ్చి కావలించుకున్నా ఆ దడి చెదరదు. ఆరేళ్ళలో వాడి గురించి నేను నిక్కచ్చిగా చెప్పగలిగింది ఇదొక్కటే. మిగతాది వినపడలేదు.

ఇంత విద్య ఉన్నవాడి ముందు మీరు "బోన్‌లెస్ వింగ్స్" అని పెట్టడం అవమానం. అది రెక్క కాదు. కోడి రొమ్ము మాంసం ముక్కలు కోసి, పిండిలో ముంచి వేయించింది. సరే, రెక్క కాకపోతే పోయింది, ఎముకలైనా ఉండవనుకున్నాం. అదీ గ్యారంటీ లేదని పెద్దలు తేల్చేశారు. ఒహాయో రాష్ట్రంలో ఒకాయన ఇవే తింటుంటే సన్నటి ఎముక లోపలికి దిగి అన్నవాహికని చీల్చేసింది. పాపం, ఆయన చాలా అవస్థపడి దావా వేశాడు. 2024 జులైలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 4-3తో ఆయనకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. బోన్‌లెస్ అనేది వండే పద్ధతి పేరట, ఎముక ఉండదన్న హామీ కాదట. చికెన్ ఫింగర్స్ తినేవాడు కోడికి వేళ్ళున్నాయని అనుకోడు కదా, ఇదీ అంతేనట. బోన్‌లెస్ అంటే జనం ఎముకల్లేనిదనే అనుకుంటారని ఒప్పుకోని జడ్జిగారు రాశారు. ముగ్గురికి తెలిసింది నలుగురికి తెలియలేదు.

ఆ తీర్పు చదివాక మీ మెనూ నాకు కొత్తగా కనపడింది. "ఫ్రెష్" అనేది ఒక వండే పద్ధతి. "హ్యాపీ అవర్" కూడా. "రెండు నిమిషాల్లో తెస్తాను సర్" అనేది బహుశా వాటన్నిటికంటే ప్రాచీన పద్ధతి.

సాస్‌ల గురించి ఎక్కువ చెప్పను. పద్నాలుగు రకాలు రాశారు. నాలుగు దాకా తేడా తెలుస్తుంది, తర్వాత నాలుక సెలవు పెడుతుంది. చివరి దాని పక్కన పుర్రె బొమ్మ. కిందటి ఏడు పంతానికి పోయి అది తిన్నాను. మిరపలో ఉండే క్యాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే తలుపునే తడుతుంది. ఆ తలుపేదో కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. మెదడుకి కారానికీ నిప్పుకీ తేడా తెలియదు, నోరు కాలుతోందని కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు. బీరులో ఎక్కువ భాగం నీళ్ళే. పాలు తాగితే నయం. ఇదంతా తెలిసి కూడా మీ బార్‌లో లేచి నిలబడి "గ్లాసు పాలు" అని అరవగలిగే మొనగాడు ఇంకా పుట్టలేదు. నేను కళ్ళనీళ్ళతో బీరే తాగాను. ఎదురు టేబుల్ వాళ్ళు మా జట్టు ఓడినందుకనుకుని ఓదార్చారు.

ఇప్పుడు అసలు కంప్లైంట్. ఇందుకోసమే కలం పట్టాను.

మూడు నెలల కిందట ఒక ఆదివారం. సెకండాఫ్ సగంలో ఉంది, మా జట్టు ఒక గోల్ వెనకబడింది. మావాడు టేబుల్ మీదికి వంగి నాతో ఏదో అన్నాడు. "వినపడట్లేదు, కాస్త గట్టిగా" అన్నాను. మళ్ళీ చెప్పాడు. "ఓడిపోతున్నాంరా" అన్నట్టు వినపడింది.

"ఏం ఫర్లేదురా, ఇంకా ఇరవై నిమిషాలుంది" అని అరిచాను. "ఒక్క గోల్ పడితే చాలు, అంతా సర్దుకుంటుంది."

వాడు నా మొహం వైపు అలా చూశాడు. తర్వాత నవ్వాడు. మామూలుగా నవ్వేదానికంటే కొంచెం ఎక్కువసేపే నవ్వాడు. నా జోకు పేలిందనుకుని నేనూ నవ్వాను. ప్లేటు అంచు ఖాళీగా ఉంది, ఎముకలు ఎక్కడివక్కడ పడున్నాయి. అది నేను చూశాను. చూసి మళ్ళీ టీవీ వైపు తిరిగాను, కార్నర్ వచ్చింది.

వాడన్నది "విడిపోతున్నాంరా" అని. వాడూ, వాళ్ళావిడా.

పది రోజుల తర్వాత వేరే వాళ్ళ ద్వారా తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరి మీదైనా కోపం పెట్టుకోవాలి కదా, మీ మీద పెట్టుకున్నాను. ఈ లేఖ మొదటి ప్రతి అప్పుడే రాశాను, చాలా ఘాటుగా వచ్చింది. మనిషికీ మనిషికీ మధ్య ఇరవై మూడు గోడలు కట్టారని, ఉప్పూ కారం కొట్టి దాహం పెంచి, మోత పెట్టి నోరు మూయించి, పక్కనున్నవాడి బతుకు కూలిపోతున్నా తెలియకుండా చేశారని. మంచి మంచి వాక్యాలు. అది మీకు పంపేముందు వాడికి ఫోన్ చేసి క్షమాపణ అడిగాను.

"వదిలెయ్‌రా" అన్నాడు వాడు. "ఇంట్లోవాళ్ళు, ఆఫీసువాళ్ళు, అందరూ నాతో మెల్లగా మాట్లాడుతున్నార్రా. నాకేదో జ్వరమొచ్చినట్టు. మామూలుగా అరిచింది నువ్వొక్కడివే." కాసేపాగి, "ఇంకోచోట అయితే నేను చెప్పేవాణ్ణే కాదు" అన్నాడు. "నీకు వినపడదనే ధైర్యంతో చెప్పాను."

అప్పుడు మొదటి ప్రతి చించేశాను. టీవీల గురించీ, నాచోస్ గురించీ రాసినవి మాత్రం అలాగే ఉంచాను, అవి నిజాలు. సెలరీ మాట కూడా వెనక్కి తీసుకోను.

ఆదివారం ఏడింటికి వస్తున్నాం. వాడే రమ్మన్నాడు. స్తంభం వెనక టేబుల్ ఒకటుంది చూడండి, ఎవరూ అడగనిది, అది మాకు ఉంచండి. అక్కణ్ణుంచి ఒక్క టీవీ కూడా కనపడదు. ఎదురుగా ఉన్న అద్దంలో మాత్రం ఒకటి కనిపిస్తుంది, స్కోరు తిరగబడి. మ్యూజిక్ తగ్గించొద్దు. వింగ్స్ ఎముకలున్నవే, చదునువి ఎక్కువ వేయించండి. పక్కన ఒక ఖాళీ ప్లేటు.

ఇట్లు,
మీ పాత కస్టమర్

తా.క.: నాచోస్ ఇప్పుడే ఆర్డర్ చేసేస్తున్నాను. ఆదివారానికి అందుతాయేమో.